ఆర్22 ఏసీకి లీకు కట్టించాలా, కొత్తది కొనాలా?

విజయవాడలో పై అంతస్తు, 12×14 అడుగుల గది, ఎండ నేరుగా పడే స్లాబు. ఏసీ 2012 నాటి 1.5 టన్ను స్ప్లిట్, ఇన్వర్టర్ (కంప్రెసర్ వేగం తగ్గించి పెంచే రకం) కాదు, చల్లదనానికి పాత రకం ఆర్22 గ్యాసు.

కంప్రెసర్ ఆడుతోంది, కెపాసిటర్ కొత్తదే. క్లాంప్ మీటర్‌లో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) మాత్రం 5 ఆంపియర్లే. మామూలుగా 7, 8 ఉండాలి, అంటే గ్యాసు తగ్గినట్టుంది. బయటి యూనిట్ దగ్గర సన్న పైపు మీద మంచు కడుతోంది, లోపలి కాయిల్ వంపుల దగ్గర నూనె మరక ఉంది. లీకు అక్కడే అనుకుంటున్నాను. మెకానిక్ గ్యాసు నింపితే చాలంటున్నారు. లీకు కట్టకుండా నింపిన గ్యాసు మళ్లీ పోదా? నైట్రోజన్ ఒత్తిడితో లీకు పరీక్షించి, బ్రేజింగ్ (వేడిచేసి లోహంతో అతకడం) చేసి, వాక్యూమ్ పట్టి (పైపుల్లోని గాలి, తేమ లాగేసి), తూకం వేసి గ్యాసు ఎక్కిస్తే ఈ వయసు కాయిల్ నిలుస్తుందా? ఒకచోట అతికితే ఇంకోచోట చిల్లు పడుతుందేమోనని నా భయం.

కొత్తదంటే ఆర్32 అనే కొత్త రకం గ్యాసుతో నడిచే ఇన్వర్టర్. పాత రాగి పైపు గోడలోపల ఉంది, పావు అంగుళం, అర అంగుళం. ఆర్32 ప్రెషర్ చాలా ఎక్కువ, పైగా పాత మినరల్ ఆయిల్ కొత్త కంప్రెసర్ నూనెతో కలవదు. ఫ్లష్ చేసి (లోపలి పాత నూనె కడిగి), ఫ్లేర్లు (నట్టు బిగించే చోట వెడల్పు చేసిన పైపు చివరలు) కొత్తగా వేసి అదే పైపు వాడినవాళ్లున్నారా, లేక గోడమీద కొత్త పైపే మేలా?

ఇంకొకటి, కంపెనీ చెప్పే టన్నేజీ (చల్లబరిచే సామర్థ్యం) బయట 35 డిగ్రీల లెక్క. మన మే నెల ఎండకు 1.5 టన్ను సరిపోతుందా, లేక ముందు స్లాబుకు కూల్ పెయింట్ (ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత) వేయించాలా? సర్వీసు చేసేవాళ్లు చెప్పండి, దయచేసి.