జోజప్పగారి పండుగ శుక్రవారం వచ్చింది, ఇంట్లో ఎలా చేస్తారు?

బాలానగర్ కోడలు:

అందరికీ వందనాలండి. మా పుట్టిల్లు ఒంగోలు, బాప్టిస్టులం. కతోలిక గుడిలో అడుగుపెట్టింది పెళ్లయ్యాకే. క్రిస్మస్, ఈస్టర్ తెలుసు గానీ పునీతుల పండుగలు నాకింకా కొత్తే. మా ఆయన పేరు జోసెఫ్, ఇంట్లో జోజి. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పని.

ఆయన పేరున్న పునీతుడు జోజప్పగారి, అంటే యేసును పెంచిన తండ్రి యోసేపుగారి, పండుగ మార్చి 19. 2027లో అది శుక్రవారం పడింది. అదీ తపస్సు కాలంలో (ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు), మ్రానికొమ్మల ఆదివారానికి (మట్టల ఆదివారం) రెండు రోజుల ముందు. అత్తయ్య ఫిరంగిపురం పక్క పల్లె నుంచి వస్తున్నారు. "నా కొడుకు పండుగ, కోడి కోయాల్సిందే" అని ఇప్పట్నుంచే ఫోన్లో చెప్పేశారు. మా కింద ఫ్లాట్ ఆంటీ కూడా కతోలికులే. ఆవిడేమో "తపస్సు కాలంలో, శుక్రవారం పూట మాంసమా!" అని చెవులు మూసుకున్నారు. మధ్యలో నేను.

ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది, గుడిలో సాయంత్రం పూజ అందదు. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. ఒంటిపూట బడులు, పరీక్షల టెన్షన్. ఊళ్లో అయితే తేరు, బ్యాండు మేళం. ఈ రెండు గదుల ఇంట్లో అవెక్కడ? కేక్ కోసి ఊరుకుంటే పుట్టినరోజు లాగే ఉంటుంది. మీ ఇళ్లలో నిజంగా ఏం చేస్తారో చెప్పండి, పుస్తకాల్లో ఉండేది వద్దు.

రిటైరైన టీచరమ్మ, తెనాలి:

ముందు కోడి సంగతి తేల్చేద్దాం అమ్మా. మీ అత్తగారిదే రైటు. మార్చి 19 మామూలు స్మరణ దినం కాదు, మహోత్సవం, అంటే పండుగల్లో అన్నిటికంటే పెద్ద తరగతి. శుక్రవారం నాడు మహోత్సవం వస్తే మాంసం మానాలన్న నియమం ఆ రోజుకు ఉండదు. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో 1251వ నిబంధన అదే చెబుతుంది. 2021లోనూ ఇలాగే శుక్రవారం వచ్చింది. ఆ రోజు గుడికి వెళ్తే మీకే తెలుస్తుంది: గురువులు ఊదా వస్త్రాలు పక్కన పెట్టి తెల్లవి వేసుకుంటారు, తపస్సు కాలం ఆదివారాల్లో కూడా వినపడని మహిమ గీతం పాడతారు. అల్లెలూయా మాత్రం ఈస్టర్ దాకా రాదు. కింద ఫ్లాట్ ఆవిడతో వాదన పెట్టుకోకండి, ఓ గిన్నెడు పరమాన్నం పంపండి. తినొచ్చన్నారు గానీ తినితీరాలని ఎవరూ అనలేదు.

ఇక ఇంట్లో సంగతి. మా నాన్న పేరు ఇన్నయ్య, నాయనమ్మ శౌరమ్మ, పెదనాన్న రాయప్ప. వాళ్ల పేర్లున్న పునీతులు ఇగ్నేషియస్, ఫ్రాన్సిస్ జేవియర్, పేతురు. ఆ పునీతుల రోజులు జూలై 31, డిసెంబర్ 3, జూన్ 29 మా ఇంట్లో పండుగలు. పుట్టినరోజులు ఎవరికీ గుర్తుండేవి కావు, ఇవి మాత్రం ఎవరూ మరిచేవారు కాదు. మా అమ్మ చేసేది ఇంతే. ఎవరి పండుగైతే వాళ్లకు ఆ రోజు మొదటి వడ్డన. వాళ్లు చిన్నవాళ్ల నుదుటి మీద సిలువ గుర్తు వేసి దీవించాలి. మా తమ్ముడు ఆరేళ్ల వయసులో తన పండుగ నాడు అరవై ఏళ్ల పాలేరు నుదుటి మీద కూడా వేసేశాడు, ఆయన వద్దనలేదు.

మీరు ఓ పీట మీద తెల్లగుడ్డ పరిచి, జోజప్పగారి పటమో స్వరూపమో పెట్టండి. ఆయన వడ్రంగి. మీవారి పనిముట్టు ఒకటి, కొలతలు తీసే వెర్నియర్ కాలిపరైనా సరే, పటం ముందు పిల్లలతో పెట్టించండి. పాపతో లూకా సువార్త రెండో అధ్యాయం 41 నుంచి 51 వరకు చదివించండి. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో ఉండిపోతే తల్లిదండ్రులు మూడో రోజుకు గానీ కనిపెట్టలేకపోయిన ఘట్టం. మహోత్సవం నాడు చదవదగ్గ సువార్తల్లో అదొకటి. నాలుగు సువార్తల్లోనూ జోజప్పగారు ఒక్క మాట మాట్లాడరని పిల్లలకు చెప్పి, మీవారి ముఖం చూడండి. ఆ తర్వాత ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం, ఒక త్రిత్వ స్తోత్రం. పది నిమిషాలు. ఆ రాత్రి జపమాల మొత్తం పెట్టకండి, ఎనిమిదిన్నరకు వచ్చిన మనిషికి ఆకలేస్తుంది. పూజకు ఉదయం వెళ్లొచ్చేమో మీ విచారణలో, అంటే మీ గుడి గురువుల దగ్గర, అడగండి.

వాట్సాప్ స్టేటస్ కోసం బెలూన్లు కట్టడం మాత్రం నాకు నచ్చదు. అది నా చాదస్తం అనుకోండి.

పలెర్మోలో తెలుగమ్మాయి:

అక్కా, నేను సిసిలీలో ఒక పెద్దావిడను చూసుకునే పనిలో ఉన్నాను. ఇటలీలో మార్చి 19 తండ్రుల దినం కూడా. ఇక్కడ జోజప్పగారి పేరు మీద మెట్లు మెట్లుగా బల్ల అలంకరించి రొట్టెలు, పండ్లు, ఎండు చిక్కుడు గింజల వంటకాలు పెడతారు. తపస్సు కాలం కాబట్టి ఆ బల్ల మీద ఆనవాయితీగా మాంసం ఉండదు. పాస్తా మీద వేయించిన రొట్టెపొడి చల్లుతారు, అది వడ్రంగి రంపపు పొట్టుకు గుర్తట. నాకు బాగా నచ్చింది వేరే. ముగ్గురు పేదవాళ్లను యేసు, మరియ, జోజప్పల స్థానంలో కూర్చోబెట్టి ముందు వాళ్లకు వడ్డిస్తారు. మీ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉంటే పిలవండి. మిగిలింది పొట్లం కట్టి ఇవ్వడం కాదు, మీతోపాటు కూర్చోబెట్టండి.

మంగళవారం అంతోని:

నిద్రపోతున్న జోజప్పగారి బొమ్మ దొరికితే కొనండి. పోప్ ఫ్రాన్సిస్ తన బల్ల మీద అలాంటిది ఉంచుకుని, ఏదైనా చిక్కు వస్తే కాగితం మీద రాసి దాని కింద పెడతానని 2015లో మనీలాలో చెప్పారు. మా ఇంట్లో పిల్లలు రాసే చీటీలన్నీ లెక్కల పరీక్ష గురించే.

బాలానగర్ కోడలు:

చాలా థ్యాంక్స్ అండి. కోడి, గారెలు ఖాయం. వాచ్‌మన్ వాళ్లు నలుగురు, వాళ్లనూ పిలుస్తాను. టీచరమ్మగారూ, ఒక్కటి అడగనా? మా అమ్మకు తెలిస్తే "బొమ్మ ముందు మొక్కుతున్నావా" అంటుంది. ఏం చెప్పాలి?

రిటైరైన టీచరమ్మ, తెనాలి:

మనం అనేది "మా కొరకు ప్రార్థించండి" అనే. సంఘంలో పెద్దాయన్ను మీ అమ్మగారు "మా కోసం ప్రార్థన చేయండి" అని అడగరూ? అదే ఇది కూడా. ఆరాధన దేవునికే. ఫోన్లో వివరించబోతే గొడవవుతుంది. ఒంగోలు నుంచి ఆవిడను కూడా రమ్మనండి. మీ అత్తగారు గారెలు వేస్తారు, ఆ లూకా సువార్త మీ అమ్మగారు చదువుతారు. ఎలాగూ మనందరి కంటే ఆవిడే బాగా చదువుతారు.