కోడి అరికాల్లో నల్లటి పక్కు, కుంటుతోంది... ఇంట్లోనే తగ్గించుకోవచ్చా?

తెనాలి_డాబాకోళ్లు

అందరికీ నమస్తే. మాది తెనాలి, డాబా మీద చిన్న షెడ్డు వేసి ఆరు పెట్టల్ని ఒక పుంజుని పెంచుకుంటున్నాం, అమ్మడానికేం కాదు ఇంట్లోకి గుడ్ల కోసమే. అందులో ఒక వనరాజా పెట్ట, మా పాప దానికి బుజ్జమ్మ అని పేరు పెట్టింది, నాలుగు రోజుల నుంచి ఎడమ కాలు నేలకి పూర్తిగా ఆనించట్లేదు. ఎక్కడో బెణికిందిలే అనుకుని వదిలేశా. నిన్న సాయంత్రం పట్టుకుని తిప్పి చూస్తే అరికాలు మధ్యలో మిరియపు గింజ కంటే కాస్త పెద్దగా నల్లటి పక్కు, చుట్టూ ఎర్రగా ఉబ్బి ఉంది, ముట్టుకుంటే వేడిగా తగుల్తోంది.

మా అత్తగారు పసుపూ కొబ్బరినూనె కలిపి రాశారు, అది రెండు నిమిషాల్లో దుమ్ములో కాలు పెట్టి మొత్తం తుడిచేసుకుంది. మావారేమో బ్లేడుతో కోసి చీము తీసేద్దాం ఐపోద్ది అంటున్నారు, నాకు చూస్తేనే కళ్ళు తిరుగుతున్నాయి. మాకు తెలిసిన పశువుల డాక్టరుగారు సోమవారం దాకా ఊళ్ళో లేరు.

షెడ్డు నేల గచ్చు. రాత్రి పడుకోడానికి పాత ఇనప పైపు అడ్డంగా కట్టాం, మనిషి ఛాతీ ఎత్తులో ఉంటుంది. పగలు వదిలేస్తే వాటర్ ట్యాంకు గోడ ఎక్కి అక్కణ్ణించి దూకడం దీనికి సరదా. మేత నూకలు, వంటింట్లో మిగిలిన అన్నం, అప్పుడప్పుడు ఆకుకూర కాడలు.

తిండి తింటోంది, గుడ్డు కూడా పెడుతోంది. ఆ గుడ్లు తినొచ్చా? మిగతా వాటికి అంటుకుంటుందా? ఇంట్లో ఏం చెయ్యొచ్చో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

గోదారి_పుంజు

అది ఆనె అండి, అరికాల్లో చీము పట్టి గడ్డ కట్టడం. మా వైపు పుంజులు పెంచేవాళ్ళందరికీ తెలిసిన గొడవే, బరువైన జాతి పుంజులకి మరీ ఎక్కువ వస్తది. ముందు మీవారి చేతిలో బ్లేడు లాక్కుని దాచెయ్యండి.

ఎందుకంటే నేనా పని చేశాను కాబట్టి. ఏడెనిమిదేళ్ళ కిందట మా డేగ పుంజుకి ఇలాగే వస్తే, ఎవరో చెప్పారని బ్లేడు దీపం మీద కాల్చి కోసేశా. చీము వస్తదనుకుంటే రక్తం వచ్చింది, ఆగదే, గుడ్డ మీద గుడ్డ నొక్కితే అరగంటకి ఆగింది. చీమేమో చుక్క రాలేదు. పైగా మా నాన్న మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నూరి గాయంలో పెట్టించారు, అది మాంసాన్ని కాల్చేసింది. నెలన్నరకి గాయం మానింది గానీ మధ్యవేలు మాత్రం మళ్ళీ వంగలేదు, ఉన్నన్నాళ్ళూ కర్రలాగా చాపుకునే నడిచింది. మైలుతుత్తం అసలు దగ్గరికి రానివ్వకండి, ముక్కుతో పొడిచి మింగిందంటే విషం కూడా.

ఇప్పుడు నేను చేసేది ఒక్కటే, నానబెట్టడం. గోరువెచ్చటి నీళ్ళు లీటరుకి రెండు స్పూన్లు ఎప్సమ్ సాల్ట్, మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు, అది లేకపోతే రాళ్ళుప్పు. చిన్న టబ్బులో పోసి కోడిని తువ్వాల్లో చుట్టి తల మీద కూడా కప్పేస్తే కదలదండి, చీకటి పడిందనుకుంటది. పావుగంట అలా ఉంచి కాలు తీసి వేళ్ళ సందుల్తో సహా తుడిచి ఆరబెట్టి బెటాడిన్ రాసి కట్టు. రోజూ చెయ్యాలి, రెండు రోజులు చేసి తగ్గలేదని వదిలేస్తే ఏం లాభం లేదు. మూడు నాలుగు రోజులకి పక్కు మెత్తబడి దానంతటదే అంచు లేస్తది.

ఆ ఇనప పైపు తీసెయ్యండి ముందు.

మానేరు_నాటుకోడి

అక్కా ముందుగాల అది ఆనెనేనా కాదా మంచిగ చూడు. కుంటే ప్రతి కోడికీ ఆనె ఉండదు. మా కరీంనగర్ల మా అమ్మ పెంచే కోళ్ళు ఒకపారి రెండు కుంటుతుంటే మేం గూడ గట్లనే అనుకున్నం, తీరా చూస్తే ఒకదాని వేళ్ళకి మిషన్ దారం చుట్టుకోని కోసుకపోయింది. దారం పోగు సన్నగ ఉంటది, ఉబ్బిన చర్మంల దాక్కుంటది, టార్చ్ లైట్ పెట్టి చూడాలె. మీ డాబా మీద ఎవలన్న బట్టలు ఆరేస్తరా, పతంగి దారాలు పడ్తయా, అది గూడ చూడు.

రెండో దానికి కాలు పైన పొలుసులు లేచి సున్నం పూసినట్టు తెల్లగ గరుకుగ అయినయ్. అది వేరే, పొలుసుల కింద పురుగు ఉంటది, కంటికి కనపడదు. దానికి కొబ్బరినూనె గాని వాజలీన్ గాని మందంగ పూస్తే పురుగుకి గాలి ఆడక చస్తది, నాల్గు వారాలు పూసినం, తగ్గింది. అది మాత్రం ఒకదాన్నించి ఒకదానికి అంటుకుంటది.

ఒక కాలు ముందుకు ఒక కాలు ఎనకకు చాపి పడిపోతే మాత్రం ఇంట్ల చేసేది ఏం లేదు, డాక్టర్‌కి చూపియ్యాల్సిందే. నువ్వు చెప్పిన నల్ల పక్కు, వేడి, వాపు చూస్తే ఆనె లెక్కనే ఉంది.

తెనాలి_డాబాకోళ్లు

దారం లేదు తమ్ముడూ, టార్చ్ పెట్టి వేళ్ళన్నీ చూశా. పొలుసులు నున్నగానే ఉన్నాయి. బ్లేడు దాచేశా 🙂

కొత్తరైతు_77

ఇంత హైరానా ఎందుకు, మనం నొప్పులకి వేసుకునే డైక్లో బిళ్ళ పావు ముక్క, పిల్లల ఆమాక్సిసిలిన్ సిరప్ అర స్పూను పొద్దున సాయంత్రం పట్టండి, మూడ్రోజుల్లో లేచి తిరుగుద్ది. మా ఫ్రెండ్ వాళ్ళు చేశారు.

రిటైర్డ్_కాంపౌండర్

పైన డైక్లో రాసిన బాబూ, దయచేసి అది తీసెయ్యి. డైక్లోఫెనాక్ పక్షుల కిడ్నీలని దెబ్బతీస్తుంది. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తినడం వల్లే మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, 2006లో పశువులకి వాడకుండా నిషేధించింది అందుకే. కోడి కూడా పక్షే కదా.

అమ్మా, నేను ముప్పై ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో పనిచేశాను. డాక్టర్ని కాదు, డాక్టర్ల పక్కన నిలబడి కట్లు కట్టినవాణ్ణి. గోదారి ఆయన చెప్పింది సరైన పద్ధతే, దానికి కొంచెం కలుపుతాను.

ఆయన కోస్తే చీము ఎందుకు రాలేదంటే, కోడికి మనలాగా చీము కారదు. గట్టిపడి జున్నుముక్కలాగా లోపలే ముద్ద కట్టుకుంటుంది. అందుకే పిండితే రాదు, పిండేకొద్దీ లోపలికి పాకుతుంది. ఆ అరికాలి మెత్తకి కొంచెం పైనే నరాలూ ఎముకా ఉంటాయి, ఇంట్లో బ్లేడు పెట్టేంత చోటు లేదక్కడ. నానబెట్టగా నానబెట్టగా పక్కు అంచు లేచినప్పుడు శుభ్రమైన పట్టకారుతో పట్టుకుని చూడండి, దాంతోపాటు ముద్ద కూడా కదిలి వస్తే తియ్యండి, రాకపోతే లాగొద్దు, మర్నాడు చూసుకోవచ్చు. వచ్చిన గుంటని సెలైన్‌తో కడిగి, బెటాడిన్ వేసి, కాస్త నియోస్పోరిన్ పెట్టి, గాజుగుడ్డ మడత ఉంచి, వేళ్ళ సందుల్లోంచి కట్టు తిప్పి కట్టండి. కట్టాక గంట ఆగి వేళ్ళు ముట్టుకుని చూడండి, చల్లబడినా ఉబ్బినా కట్టు బిగిసిందన్నమాట, వెంటనే విప్పెయ్యండి.

పట్టుకునేటప్పుడు రొమ్ము మీద నొక్కొద్దు. ఆ రొమ్మెముక పైకీ కిందకీ కదిలితేనే కోడికి ఊపిరి ఆడుతుంది, గట్టిగా పట్టుకుని చంపేసుకున్నవాళ్ళని చూశాను. చేతులకి గ్లౌజులు వేసుకోండి, ఎక్కువగా దీనికి కారణం స్టెఫైలోకోకస్ అనే బాక్టీరియా, మీ వేలి మీద చిన్న గీత ఉన్నా మీకూ చీము పట్టొచ్చు. పాపని తల వైపు పట్టుకోమనండి, కాలి వైపు వద్దు.

అంటుకోవడం సంగతి. గాలికి పాకే తెగులు కాదిది. కానీ అదే గచ్చు, అదే పైపు, అదే దూకుడు మిగతావాటికీ ఉన్నాయి కాబట్టి రాత్రి పడుకున్నాక ఏడింటి అరికాళ్ళూ తిప్పి చూడండి, ఇంకోటి దొరికినా ఆశ్చర్యపోను. వనరాజా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పెరటి పెంపకం కోసమనే తయారుచేసిన రకం, మంచి కోడే, కాకపోతే మన సన్నటి నాటుకోడి కంటే బరువు. ఛాతీ ఎత్తు నుంచి గచ్చు మీదకి రోజూ దబ్బున పడితే ఆ బరువంతా అరికాలి మీదే. నూకలూ అన్నంతో కొవ్వు పడుతుంది గానీ విటమిన్ ఏ రాదు, అది తక్కువైతే చర్మం పలచబడుతుంది. మునగాకు, తోటకూర రోజూ ఒక గుప్పెడు వెయ్యండి, నూకల్లో సగం తీసేసి పసుపుపచ్చ మొక్కజొన్న రవ్వ కలపండి.

గుడ్లు, మందు బిళ్ళలేవీ వెయ్యనంతవరకు తినొచ్చు. నేనైతే వాపు ఉన్నన్నాళ్ళు బాగా ఉడకబెట్టే తింటాను, హాఫ్ బాయిల్ జోలికి పోను. డాక్టరుగారు యాంటీబయోటిక్ రాస్తే మాత్రం ఎన్నాళ్ళు గుడ్లు పారెయ్యాలో ఆయన్నే అడగండి, మొహమాటపడొద్దు.

వాపు వేళ్ళలోకో కాలి పైకో ఎక్కినా, రెండో కాలికీ వచ్చినా, తిండి మానేసినా సోమవారం దాకా ఆగకండి. 1962కి ఫోన్ చెయ్యండి, పశువుల అంబులెన్సు నంబరు అది. కోడికి కూడా వస్తారా అని కొందరు నవ్వుతారు, అడగడంలో తప్పేముంది.

తెనాలి_డాబాకోళ్లు

పన్నెండు రోజులైంది, అప్‌డేట్ ఇద్దామని వచ్చా. అందరికీ చాలా థాంక్స్ అండి.

మొదటి మూడ్రోజులు ఏమీ తేడా లేదు, మావారు రోజూ సాయంత్రం టబ్బు చూసి మీ కోడికి పెడిక్యూర్ అయ్యిందా అని ఒకటే నవ్వు. నాలుగో రోజు పక్కు ఒకవైపు లేచింది, ఐదో రోజు పట్టకారుతో ముట్టుకోగానే మొత్తం ఊడొచ్చింది, దాని అడుగున పసుపుపచ్చగా గట్టిగా కందిపప్పు బద్దంత ముద్ద, కాంపౌండర్‌గారు చెప్పినట్టు అచ్చం జున్నే. రక్తం ఒక్క చుక్క అంతే. లోపల గుంట గులాబీ రంగులో శుభ్రంగా ఉంది. నాకు కళ్ళు తిరగలేదు, తిరిగింది మావారికి.

కట్టు మాత్రం పెద్ద తలనొప్పి ఐంది. పేపర్ టేపు పెడితే పది నిమిషాల్లో పీకి పారేసింది. తర్వాత క్రేప్ బ్యాండేజిని వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి కట్టి, పైన మా పాప చిన్నప్పటి సాక్సు ముందువైపు కత్తిరించి తొడిగా. ఒక పూట అంతా కాలెత్తి ఎత్తి నడిచింది, పాపకి చదువు సాగలేదు ఆ రోజు. విడిగా గంప కింద వరిగడ్డి మందంగా పరిచి ఉంచాం, మిగతావి కనపడేలాగానే పెట్టా, లేకపోతే తిరిగి కలిపినప్పుడు పొడుస్తాయని మా అత్తగారు అన్నారు. సోమవారం డాక్టరుగారికి చూపిస్తే వాపు దిగుతోంది కాబట్టి ఇంజెక్షన్ అక్కర్లేదు, ఇదే చెయ్యండి అన్నారు. ఇప్పుడు గుంట పూడుకుంటోంది, కాలు ఆనించి నడుస్తోంది, ఇంకో వారం పట్టేలా ఉంది.

మిగతావాటి కాళ్ళు కూడా చూశా. పుంజుకి కుడి అరికాల్లో ఎర్రగా చిన్న మచ్చ ఉంది! వాపు లేదు. పైపు తీసేసి సామిల్లులో రెండంగుళాల వెడల్పు చెక్క పట్టీ కోయించి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, మోకాలి ఎత్తులో బిగించాం. గచ్చు మీద నాలుగంగుళాల మందాన ఊక పోశాం, నీళ్ళ డబ్బా దగ్గర తడిసిన ఊక రోజూ తీసేస్తున్నా.

ఒక్కటే సమస్య, గంప తీసిన ఐదు నిమిషాల్లో బుజ్జమ్మ మళ్ళీ ట్యాంకు గోడ మీద ఉంది, కాలికి సాక్సుతో సహా. అటు ఎక్కే నిచ్చెన తీసేద్దాం అనుకుంటున్నా.

మానేరు_నాటుకోడి

నిచ్చెన తియ్యకక్కా, అది తీసినా ఎగిరి ఎక్కుతది, దిగేటప్పుడే కదా దెబ్బ. ఒక ఎడల్పు చెక్కపలక ఏటవాలుగ గోడకి పెట్టి దాని మీద జానెడుకొక సన్న పట్టీ కొట్టు, మెట్ల లెక్క నడిచి దిగుతది. రెండ్రోజులు పొద్దుగాల ఆ చెక్క మీద జొన్నలు చల్లు, అలవాటైతది. మా అమ్మ చింతచెట్టుకు గట్లనే పెట్టింది.