అప్‌డేట్: మాటల్లేని నార్తర్న్ సోల్ రికార్డుల్లో నా మనసు దోచినవి

నార్తర్న్ సోల్ (ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బుల్లో డాన్స్ చేయడానికి వేసే, వేగమైన బీట్ ఉన్న అమెరికన్ సోల్ పాటలు) డాన్స్ ఫ్లోర్లను ఊపేసిన ఇన్‌స్ట్రుమెంటల్స్, అంటే గొంతు లేకుండా వాద్యాలతోనే సాగే రికార్డులు, చెప్పమని ఇంతకుముందు అడిగాను. చెప్పిన అందరికీ చాలా థాంక్స్. దాదాపు అన్నీ విన్నాను.

నా ఓటు ఎర్ల్ వాన్ డైక్ ‘సిక్స్ బై సిక్స్’కే. అమెరికన్ రికార్డు సంస్థ మోటౌన్ స్టూడియో బృందం ఫంక్ బ్రదర్స్‌కి ఆయనే నాయకుడు. ఎన్నో హిట్ పాటల వెనక వాయించిన మనిషి ఇందులో ముందుకొస్తే ఎలా ఉంటుందో వినాల్సిందే. బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాలు) మొదలవగానే కాళ్లు ఆగవు. 1973 నుంచి 1981 దాకా ఉత్తర ఇంగ్లండ్‌లోని విగన్ కాసినో అనే డాన్స్ క్లబ్బులో, కాళ్లు సులువుగా జారేలా టాల్కమ్ పౌడర్ చల్లిన చెక్క నేల మీద తెల్లవార్లూ డాన్స్ చేసినవాళ్లకి ఇలాంటివి ఎందుకంత ఇష్టమో ఇప్పుడు అర్థమైంది. గొంతు లేకపోతే ధ్యాసంతా డ్రమ్స్ మీదే ఉంటుంది.

తర్వాతి స్థానం ‘ఎక్సస్ ట్రెక్’ది. 1966లో గాయకుడు లూథర్ ఇంగ్రమ్ పాటకి బి సైడ్‌గా (రికార్డు రెండో వైపున) వచ్చిందంటే నమ్మలేకపోయాను. నాకైతే ఎ సైడ్ కన్నా ఇదే గొప్ప. జస్ట్ బ్రదర్స్ ‘స్లైస్డ్ టొమాటోస్’ గిటార్ ఎక్కడో విన్నట్టుందే అనుకున్నా. ఇంగ్లిష్ డీజే ఫ్యాట్‌బాయ్ స్లిమ్ 1998 హిట్‌లో వాడుకున్నది దీన్నే!

విల్లీ మిచెల్ ‘ద చాంపియన్’ కూడా బాగుంది. ఆర్గన్ (కీబోర్డు వాద్యం) ముందుండే రికార్డులు ఇంకేమైనా ఉంటే చెప్పండి, ఈ వారాంతం వాటికే.