లాగింగ్ పోచ ముక్కలుగానే ఎందుకు? అటువైపు కట్టే ఎంజైమ్ ఎందుకు లేదు?

సింధు_బైపీసీ:
ఇంటర్ సెకండియర్ బోటనీలో డీఎన్ఏ ప్రతికృతి చదువుతున్నాను. బొమ్మ చూడకుండా వేయగలను గానీ ఒకచోట బుర్ర ఆగిపోతోంది. రెండు పోచలు విడిపోతాయి, పాలిమరేజ్ అనే ఎంజైమ్ కొత్త పోచను 5′ కొస నుంచి 3′ కొస వైపు (పోచ రెండు కొసల పేర్లివి) మాత్రమే కడుతుంది, అందుకే ఒకటి తెగకుండా సాగుతుంది, రెండోది, అంటే లాగింగ్ పోచ, ఒకజాకి ముక్కలనే చిన్న ముక్కలుగా తయారై లైగేజ్ అనే అతికించే ఎంజైమ్‌తో అతుక్కుంటుంది. సరే, కానీ ఇంత తంటా ఎందుకు? ప్రతి ముక్కకీ మొదట్లో ఒక ప్రైమర్ (చిన్న ఆర్ఎన్ఏ ముక్క), మళ్ళీ దాన్ని తీసెయ్యడం, ఖాళీ పూడ్చడం, అతకడం... అటువైపు కట్టే ఇంకో పాలిమరేజ్ ఉంటే సరిపోయేది కదా? క్లాసులో అడిగితే "అది రూల్, రాసుకో" అన్నారు. నీట్‌కి అది చాలేమో, నాకు చాలట్లేదు.

మైక్రోబయాలజీ_మేడమ్:
రూల్ కాదమ్మా, కెమిస్ట్రీ. కాగితం తీసుకుని పోచ 3′ కొసన ఓహెచ్ గ్రూపు గియ్యి, కొత్తగా వచ్చే న్యూక్లియోటైడ్‌కి (పోచలో ఒక్కో పూస లాంటిది) 5′ దగ్గర మూడు ఫాస్ఫేట్లు గియ్యి. ఓహెచ్ మొదటి ఫాస్ఫేట్‌ని పట్టుకుంటుంది, మిగతా రెండూ ఊడిపోతాయి, బంధానికి కావలసిన శక్తి అక్కడినుంచే వస్తుంది. అంటే ప్రతి న్యూక్లియోటైడ్ తన చద్దిమూట తానే వెంట తెచ్చుకుంటుంది.

ఇప్పుడు నువ్వడిగిన ఎంజైమ్‌ని ఊహించు. పోచ 5′ కొసన పెరగాలి కాబట్టి మూడు ఫాస్ఫేట్లూ పెరుగుతున్న పోచ కొసనే ఉండాలి. అలా కూడా బంధం ఏర్పడుతుంది, చిక్కల్లా తప్పు పడినప్పుడే. పాలిమరేజ్ సుమారు లక్షకి ఒకసారి తప్పు బేస్ పెడుతుంది, వెంటనే వెనక్కి తగ్గి దాన్ని కోసేస్తుంది, ప్రూఫ్‌రీడింగ్ అంటే ఇదే. మామూలు పద్ధతిలో కోశాక కూడా 3′ ఓహెచ్ చెక్కుచెదరకుండా ఉంటుంది, తర్వాతి న్యూక్లియోటైడ్ తన శక్తితో వచ్చి అతుక్కుంటుంది. నీ ఎంజైమ్ కోస్తే మాత్రం ఆ మూడు ఫాస్ఫేట్లూ తప్పు బేస్‌తో పాటే పోతాయి, పోచ అక్కడితో ఆగిపోతుంది.

మనిషి కణం ఒక్కసారి రెండుగా విడిపోవాలంటే దాదాపు 600 కోట్ల బేస్ జతలు కాపీ కావాలి. లక్షకి ఒక తప్పు చొప్పున వదిలేస్తే ఎన్ని మిగులుతాయో నువ్వే లెక్కవెయ్యి. ప్రూఫ్‌రీడింగ్ దాన్ని ఇంచుమించు కోటికి ఒకటి చేస్తుంది, ఆ తర్వాత తప్పు జతల్ని దిద్దే మిస్‌మ్యాచ్ రిపేర్ ఇంకా తగ్గిస్తుంది. ఇంత శుభ్రంగా దిద్దుకునే వీలుండాలంటే ముక్కల తంటా పడాల్సిందే.

ల్యాబ్_ముచ్చట్లు:
మేడమ్ కారణం చెప్పారు, అసలు ముక్కలున్నాయని ఎలా తెలిసిందో నేను చెప్తా, ఎందుకంటే నాకు ఈ ప్రయోగమంటే ప్రాణం. నగోయా యూనివర్సిటీలో రెయిజి ఒకజాకి, ఆయన భార్య త్సునెకో, వాళ్ళ బృందం 1968లో ప్రచురించారు. పెరుగుతున్న ఈ.కోలి బ్యాక్టీరియాకి రేడియోధార్మిక థైమిడిన్ (కొత్త డీఎన్ఏలో చేరే ముడిసరుకు) కొన్ని సెకన్లు మాత్రమే ఇచ్చి ఠక్కున ఆపేసి, డీఎన్ఏ తీసి, క్షారంతో పోచలు విడదీసి, సుక్రోజ్ ద్రావణంలో సెంట్రిఫ్యూజ్ తిప్పారు. చిన్నవి పైన ఉండిపోతాయి, పొడవాటివి కిందికి దిగుతాయి. కొన్ని సెకన్లకే ఆపినప్పుడు రేడియోధార్మికత ఎక్కువగా పైనే, 1000-2000 న్యూక్లియోటైడ్ల ముక్కల్లో కనిపించింది. ఎక్కువసేపు ఇస్తే పొడవాటి పోచల్లోకి చేరిపోయింది. లైగేజ్ సరిగా పనిచేయని టీ4 ఫేజ్‌తో (బ్యాక్టీరియాను పట్టే వైరస్) చూస్తే ముక్కలు అతుక్కోక పోగుపడ్డాయి. రెయిజి గారు హిరోషిమాలో పుట్టినవారు, బాంబు రేడియేషన్ బారిన పడ్డారు, 1975లో 44 ఏళ్లకే ల్యుకేమియాతో పోయారు. త్సునెకో గారు ఆ పని ఆపలేదు, ముక్కల మొదట్లో ఆర్ఎన్ఏ ప్రైమర్ ఉంటుందని గట్టిగా నిరూపించిన పని ఆవిడ కొనసాగించినదే.

చదువరి_77:
ఒక్క మాట. అటువైపు కట్టే ఎంజైమ్ ప్రకృతిలో అస్సలు లేదని అనుకోవద్దు. ఈస్ట్‌లో టీహెచ్‌జీ1 అని ఒకటుంది, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే టీఆర్ఎన్ఏకి 5′ కొసన ఒక జీ న్యూక్లియోటైడ్ తగిలిస్తుంది, అంటే 3′ నుంచి 5′ వైపు. దాని ఆకారం మామూలు పాలిమరేజ్‌లకి దగ్గరగా ఉండటం ఇంకా విశేషం. ఒకటో రెండో తగిలించడానికైతే అది నడుస్తుంది, కోట్ల బేసులు కాపీ చేయడానికి మాత్రం మేడమ్ చెప్పిన ఇబ్బందే.

సింధు_బైపీసీ:
మేడమ్, కాగితం మీద గీశాక నిజంగా కనిపించింది, థాంక్యూ! మరి ప్రైమర్ ఆర్ఎన్ఏతోనే ఎందుకు? ఎలాగూ పీకేసేదే కదా, మొదటే డీఎన్ఏతో వేస్తే?

మైక్రోబయాలజీ_మేడమ్:
దానికీ మూలం ప్రూఫ్‌రీడింగే. పాలిమరేజ్ ముందు జత సరిగ్గా కుదిరితేనే తర్వాతిది బాగా పెడుతుంది, కాబట్టి ఏమీ లేనిచోట మొదలుపెట్టలేదు. ప్రైమర్ వేసే ఎంజైమ్ ప్రైమేజ్ మొదలుపెట్టగలదు గానీ అలా సరిచూసుకోదు, దాని పనిలో తప్పులెక్కువ. ఆ భాగం ఆర్ఎన్ఏ అయితే కణం తేలిగ్గా గుర్తుపట్టి తీసేసి కొత్తగా కట్టుకోగలదు. మన కణాల్లో ముక్కలు 100-200 న్యూక్లియోటైడ్లే కాబట్టి ఈ తీసేసే పని కోట్లసార్లు జరుగుతుంది.

ఇంకోటి కూడా ఆలోచించు: క్రోమోజోమ్ చిట్టచివరి ప్రైమర్ తీశాక ఆ ఖాళీ పూడ్చడానికి పక్కన 3′ ఓహెచ్ ఉండదు. అందుకే ప్రతి విభజనకీ కొస కొంచెం తరుగుతుంది, అక్కడ టీటీఏజీజీజీ వరుసలతో టెలోమియర్ అనే కొస భాగం ఉండేది అందుకే, బీజకణాల్లో టెలోమరేజ్ అనే ఎంజైమ్ దాన్ని మళ్ళీ పెంచుతుంది. బ్యాక్టీరియా క్రోమోజోమ్ సాధారణంగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు.