ప్రాగ్ నుంచి వియన్నా: మధ్యలో ఎక్కడ ఆగాలి?

ప్రశ్న: ప్రాగ్ చూశాక వియన్నా వెళ్తున్నాం. మధ్యలో ఒక పాత ఊళ్లో ఆగాలని ఉంది. అమ్మ ఎక్కువ మెట్లు ఎక్కలేదు. ఎక్కడైతే బాగుంటుంది?

జవాబు: అందరూ చెప్పేది చెస్కీ క్రుమ్లోవ్. వల్టావా నది ఊరిని చుట్టుకుని పారుతుంది, కోట మీంచి చూస్తే అన్నీ ఎర్ర పెంకుల కప్పులే. కానీ ఆ కోట ఎత్తులో ఉంది, దారంతా ఎగుడుదిగుడు రాళ్లు, పైగా టూర్ బస్సుల జనం. అమ్మగారితో అయితే నా ఓటు తెల్చ్ అనే ఊరికే. ఊరి మధ్య పొడవాటి ఖాళీ స్థలం (స్క్వేర్), చుట్టూ రంగురంగుల ఇళ్లు, వాటి కింద కమానుల వసారాలు. వానొచ్చినా తడవకుండా నడవొచ్చు. చెస్కీ క్రుమ్లోవ్‌లాగే ఇదీ 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. రైలు మారాల్సి రావడమే తలనొప్పి.

ఇంకో జవాబు: కుట్నా హోరా, పాత వెండి గనుల ఊరు. ప్రాగ్ నుంచి రైల్లో సుమారు గంట. ఆ ఊళ్లోని సెడ్లెత్స్ పేటలో మనిషి ఎముకలతో అలంకరించిన చర్చి వదలొద్దు. కొన్ని మెట్లు దిగాలి మరి.

ప్రశ్న అడిగినవారు: ఎముకలా! అమ్మ ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వదు. తెల్చ్ ఖాయం. బస్సేమైనా ఉందా?