జేఎన్‌టీయూలో మెకానికలా, చిన్న కాలేజీలో సీఎస్‌ఈనా?

కర్నూలు అక్క:
మా తమ్ముడికి ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకు రెండు దారులు కనిపిస్తున్నాయి. అనంతపురం జేఎన్‌టీయూ క్యాంపస్‌లో మెకానికల్ రావచ్చు. లేదంటే రోజూ ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే ఒక చిన్న కాలేజీలో సీఎస్‌ఈ ఖాయం. వాడికి కంప్యూటరే కావాలి. నాన్నేమో పేరున్న కాలేజీని చేతులారా వదులుకుంటారా అంటున్నారు. ఆదివారంలోగా వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చేయాలి. ఇంట్లో ఒకటే టెన్షన్. చదివినవాళ్లు చెప్పండి.

ప్రొద్దుటూరు నాన్న:
మీ నాన్నగారు చెప్పిందే సరైందమ్మా. అది 1946లో మొదలైన కాలేజీ. లైబ్రరీ, వర్క్‌షాపు, హాస్టలు, సీనియర్లు అన్నీ ఉంటాయి. మెకానికల్‌కు పనుల్లేవనే మాట నేను ఒప్పుకోను. పెనుకొండ దగ్గర కియా వాళ్లు 2019 నుంచి కార్లు తయారు చేస్తున్నారు. ఇంకో సంగతి. ప్రోగ్రామింగ్ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. లేత్ మిషన్ ఇంట్లో పెట్టుకోలేం కదా!

అనంతపురం ఐటీ:
పెద్దాయన మాటల్లో సగం ఒప్పుకుంటాను. మిగతా సగంతోనే నా పేచీ.

నేను 2014లో ఒక చిన్న కాలేజీలో ఐటీలో చేరాను. మొదటి సంవత్సరం సీ ల్యాబు. సీ ప్రోగ్రాంలు రాసి నడిపే పాతకాలపు కంపైలర్ టర్బో సీ, నీలం రంగు స్క్రీను. సగం సిస్టమ్స్ పనిచేయవు, పనిచేసే ఒక్కోదాని ముందు ముగ్గురం. ఒకరోజు ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం రాశాం. 5 ఇస్తే 120 వచ్చింది. 7 ఇస్తే 5040. నేను 8 ఇచ్చాను. మైనస్ 25216 వచ్చింది! ఒకటి నుంచి ఎనిమిది దాకా గుణించుకుంటూ పోతే మైనస్ ఎక్కడినుంచి వస్తుంది? సార్‌ని అడిగాను. "ఎక్స్‌టర్నల్ పరీక్షలో 5 ఇచ్చి చూపించు, చాలు" అన్నారు. సీనియర్ల రికార్డు చూసి అందరం 120 అనే రాసుకున్నాం.

ఆ మైనస్ సంగతి నాకు మూడో సంవత్సరంలో తెలిసింది, అదీ ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటెల్ పాఠం వింటుంటే. టర్బో సీలో ఇంట్‌కు, అంటే పూర్ణాంకం దాచుకునే చోటుకు, ఇచ్చేది రెండు బైట్లే. అందులో 32767 వరకే పడుతుంది. 8 ఫ్యాక్టోరియల్ 40320. హద్దు దాటితే లెక్క చుట్టు తిరిగి మైనస్ వైపు వస్తుంది. రెండు బైట్లలో పట్టే అంకెలు మొత్తం 65536, దాంట్లోంచి అంత తీసేయండి, అదే మైనస్ 25216. ఇంతే. ఆ రోజు బోర్డు దగ్గర ఐదు నిమిషాలు నిలబడి ఇది చెప్పి ఉంటే, కంప్యూటర్‌లో అంకెలు ఎలా ఉంటాయో మా క్లాసంతా అప్పుడే పట్టుకునేది. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నాలుగో సంవత్సరంలో ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష పెట్టింది. మావాళ్లు అలవాటు ప్రకారం పైన కోనియో హెడర్ రాశారు. అది టర్బో సీతో వచ్చే ఫైలు, అక్కడి కంపైలర్‌లో లేదు. లాజిక్ సరిగ్గా ఉన్నా ఎర్రరే. దాన్ని తీసేస్తే సరిపోతుందని తెలియక మంచి మంచి పిల్లలు లేచి వచ్చేశారు.

ఇంత చెప్పాక కూడా, అక్కా, తమ్ముడికి ఇష్టముంటే సీఎస్‌ఈలోనే చేర్చమంటాను. కాలేజీ ఆటానమస్ (సొంత సిలబస్, సొంత పరీక్షలు) కాకపోతే సిలబస్, పేపరు జేఎన్‌టీయూవే. ఇష్టం లేని సబ్జెక్టుల బ్యాక్‌లాగ్‌లు మోస్తూ రాత్రిపూట ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. కానీ ఫీజు కట్టేముందు ల్యాబులోకి వెళ్లి చూడండి. బిల్డింగు చూసి మోసపోవద్దు.

పాఠాలు చెప్పే మనిషి:
నేను తొమ్మిదేళ్లుగా ఇలాంటి కాలేజీలోనే సీఎస్‌ఈకి చెబుతున్నాను. అనంతపురం ఐటీ తమ్ముడి కోపం న్యాయమే. అయితే ఆ సార్ పరిస్థితి కూడా చూడండి. 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ నిబంధన. అది కాగితం మీద సరిపోతుంది. క్లాసులో నేను 66 మందికి చెబుతాను. పొద్దున డేటా స్ట్రక్చర్స్, మధ్యాహ్నం మెషిన్ లెర్నింగ్, మధ్యలో అడ్మిషన్ల డ్యూటీ. బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న పరిమితిని 2024-25 నుంచి ఎత్తేశారు. మా దగ్గర సివిల్ క్లాసు నడిచిన గదిలో ఇప్పుడు సీఎస్‌ఈ కొత్త సెక్షన్ కూర్చుంటోంది. చెప్పేవాళ్లం మాత్రం మేమే.

అందుకే నా ఓటు జేఎన్‌టీయూకే. అక్కడ మెకానికల్ చదువుతూ అదనపు క్రెడిట్లు తీసుకుని కంప్యూటర్స్‌లో మైనర్ (మెయిన్ బ్రాంచికి తోడు ఇంకో చిన్న కోర్సు) చేసే వీలుందేమో కనుక్కోండి. నా సొంత కొడుకైనా ఇదే చెబుతాను.

అనంతపురం ఐటీ:
సార్, మీలాంటివాళ్లు ఒక్కరున్నా మా కాలేజీ వేరేలా ఉండేది. కానీ మైనర్ అంటే మెకానికల్ భారం తగ్గదు, పైన ఇంకొకటి పడుతుంది. వాడు మొయ్యగలడా అన్నదే నా అనుమానం.

ప్రొద్దుటూరు నాన్న:
పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఇష్టం అంటే అది సెల్‌ఫోన్ మీద ఇష్టమా, చదువు మీద ఇష్టమా? ముందు అది తేల్చుకోమ్మా.

కర్నూలు అక్క:
అందరికీ నమస్కారాలు. నిన్న తమ్ముణ్ణి తీసుకుని ఆ చిన్న కాలేజీకి వెళ్లాను. ల్యాబు తెరిచే ఉంది. ఒక మేడమ్ సిస్టమ్స్ ఆన్ చేసి చూపించారు, పిల్లలు లైనక్స్‌లో చేస్తున్నారు. ఎంతమందికి ఒక సిస్టమ్ అని అడిగితే, "ఇద్దరికి ఒకటమ్మా, అబద్ధం ఎందుకు" అన్నారు.

నాన్న ఇంకా ఊ అనలేదు. రేపు అనంతపురం వెళ్లి మైనర్ సంగతి కూడా కనుక్కుంటాం. కానీ ప్రొద్దుటూరు నాన్నగారు అడిగినదానికి ఒకటి చెప్పాలి. రాత్రి అనంతపురం అన్న రాసిన 8 ఫ్యాక్టోరియల్ కథ మా తమ్ముడికి చదివి వినిపించాను. ఫోన్‌లోనే కంపైలర్ యాప్ పెట్టుకుని చేశాడు. 40320 సరిగ్గానే వచ్చింది. ఊరుకోకుండా పెంచుకుంటూ పోయాడు. 12 దాకా బాగుంది. 13 ఇస్తే 1932053504 అని వచ్చింది. అది తప్పని చేత్తో గుణించి తేల్చాడు. ఎందుకు తప్పిందో అన్నను అడుగుతానంటే వద్దన్నాడు. పొద్దున లేచి చూస్తే నోటుబుక్కులో నాలుగు పేజీల నిండా రెండ్లూ, రెండ్ల గుణకారాలూ ఉన్నాయి.