బొటనవేలి నొప్పికి బల్ల ఎత్తు కారణం కావచ్చునా?

ప్రశ్న (విజయవాడ, పటమట):
నమస్కారమండీ. నాలుగేళ్లుగా మర్దన చికిత్స చేస్తున్నాను, రోజుకు ఐదారుగురు వస్తారు. రెండు నెలలుగా కుడి బొటనవేలి మొదట్లో నొప్పి. ఇప్పుడు ఇంట్లో సీసా మూత తిప్పాలన్నా ప్రాణం విలవిల్లాడుతోంది. నా ఎత్తు ఐదడుగులు; మా బల్ల ఎత్తు 30 అంగుళాలు, తగ్గించే వీలు లేదు. వేలికి బలమిచ్చే వ్యాయామాలు దయచేసి చెప్పగలరా?

సమాధానం (గుంటూరు, బ్రాడీపేట):
అమ్మా, వ్యాయామాల కంటే ముందు ఆ బల్ల సంగతి చూడాలి. బల్ల పక్కన నిటారుగా నిలబడి, చేతులు కిందికి వదిలి పిడికిలి మూస్తే, వేళ్ల కణుపులు బల్లకు తగలాలి. మీ ఎత్తుకు అది సుమారు 26 అంగుళాలు. నాలుగంగుళాలు ఎక్కువైనందువల్ల ఒంటి బరువు చేతిలోకి దిగే దారి లేక, మీరు భుజాలెత్తి, బొటనవేలితోనే నొక్కుతున్నారు. వేలి కొనతో ఒక కిలో బలంతో పట్టు పడితే, మొదట్లోని కీలు మీద సుమారు 12 కిలోల భారం పడుతుంది. ఏ వ్యాయామమూ ఆ లెక్కను మార్చదు.

బల్ల పొడవునా నాలుగంగుళాల ఎత్తున, రెండడుగుల వెడల్పున, మీరు నిలబడడానికి కదలని చెక్క అరుగు ఒకటి చేయించుకోండి. మా గదిలో ముగ్గురం మూడు ఎత్తుల వాళ్లం కనుక మేమూ అదే చేశాం.

ఇక నిలబడే తీరు. ఒక పాదం ముందుకు, ఒకటి వెనక్కి ఉంచి, బొడ్డును చెయ్యి సాగే దిక్కుకే తిప్పి, వెనక మడమతో నేలను తోస్తూ ముందు మోకాలు వంచితే, భుజం, మోచేయి, మణికట్టు ఒకే వరుసలో ఉండి, మీరు నొక్కకుండానే బరువు దిగుతుంది. తొడలకూ వీపు కండరాలకూ ముంజేయి వాడండి; వెన్నెముక మీద, మోకాలి వెనక గుంటలో మాత్రం వద్దు. నూనె ఎక్కువైతే చెయ్యి జారి, పట్టు కోసం వేళ్లు బిగుస్తాయి కనుక, లోతుగా చేసేముందు తువ్వాలుతో అద్దండి.

బొటనవేలిని పిడికిలిలో మూసి, మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచినప్పుడు సూదులు గుచ్చినట్లుంటే, స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుడు డి కెర్వాన్ 1895లో వర్ణించిన స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తొడుగు సమస్య కావచ్చు. అది వేరే సంగతి. ఎముకల వైద్యునికి చూపించి, అంతవరకు ఆ వేలికి పని పెట్టకండి.

మళ్లీ ప్రశ్న:
ముంజేయితో చేస్తే కండరం ఎక్కడ గట్టిపడిందో తెలుస్తుందాండీ?

సమాధానం:
వెతకడానికి వేళ్లే కావాలి, కానీ తేలికగా. చోటు దొరికిన తరువాత ముంజేతిలోని మెత్తని భాగాన్ని అక్కడ ఆనించి, వచ్చినవారు ఊపిరి బయటికి వదిలేటప్పుడు నెమ్మదిగా వాలండి. మొదటి రెండు వారాలు మొరటుగా అనిపిస్తుంది. ఆ తరువాత ముంజేతికీ స్పర్శ అలవాటవుతుంది.